క్వీన్ స్ట్రీట్ గ్రంథాలయం: దరఖాస్తు కాగితం మీద రాసిన చరిత్ర

గ్రంథాలయాల చరిత్రలకు ఒక అలవాటైన మూస ఉంది. మొదట స్థాపకుని పేరు, తరువాత స్థలదాత పేరు, శంకుస్థాపన చేసిన ప్రముఖుడు, ప్రారంభోత్సవ తేదీ, నేటి పుస్తకాల సంఖ్య. తెలుగునాట వెలువడిన గ్రంథాలయ ప్రత్యేక సంచికలు ఏవి తిరగేసినా ఇదే వరస. అమెరికాలోని నగర గ్రంథాలయాల కరపత్రాలూ ఇందుకు భిన్నం కావు. పాఠకుడు ఈ చరిత్రల్లో కనబడడు. కనబడితే ఒక సంఖ్యగా కనబడతాడు. మా వైద్యవృత్తిలో చరిత్ర అంటే రోగి నోట విన్నది; ఆసుపత్రి వార్షిక నివేదికను ఎవరూ చరిత్ర అనరు. గ్రంథాలయాల విషయంలో మాత్రం నివేదికే చరిత్రగా చలామణీ అవుతోంది. వర్జీనియా రాష్ట్రంలో, పొటోమాక్ నది ఒడ్డున ఉన్న అలెగ్జాండ్రియా అనే చిన్న నగరపు గ్రంథాలయాన్ని తీసుకుని, ఆ మూస ఎక్కడ పగులుతుందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

వాషింగ్టన్ పరిసరాల్లో నివసించే తెలుగువారికి అలెగ్జాండ్రియా కొత్త ఊరు కాదు. ఇటుకల కాలిబాటలు, పాత దీపస్తంభాలు, నది ఒడ్డున వ్యాహ్యాళి కోసం దేశం నుంచి వచ్చిన అమ్మానాన్నలను వారాంతంలో తీసుకువెళ్ళే చోటు. ఆ పాతబస్తీలోని డ్యూక్ స్ట్రీట్‌లో పంతొమ్మిదో శతాబ్దపు అతిపెద్ద బానిస వ్యాపార సంస్థల్లో ఒకటైన ఫ్రాంక్లిన్ అండ్ ఆర్మ్‌ఫీల్డ్ కార్యాలయం ఉండేది. భవనం ఇప్పుడూ ఉంది. అక్కడికి కొద్ది వీధుల దూరంలో, 717 క్వీన్ స్ట్రీట్‌లో, మనం మాట్లాడుకోబోయే గ్రంథాలయం ఉంది.

ఊళ్ళో పుస్తకాల సంప్రదాయం పాతదే. 1794లోనే అక్కడ అలెగ్జాండ్రియా లైబ్రరీ కంపెనీ ఏర్పడింది. పేరులోనే ఉన్నట్టు అది చందాదారుల వ్యవహారం. డబ్బు కట్టినవారికే పుస్తకం. పన్నుల సొమ్ముతో నడిచే ఉచిత గ్రంథాలయం ఊరికి రావడానికి ఇంకా నూట నలభై ఏళ్ళకు పైగా పట్టింది. 1937లో రాబర్ట్ సౌత్ బారెట్ అనే దాత తన తల్లి జ్ఞాపకార్థం భవనం కట్టించి ఇచ్చాడు. స్థలం క్వేకర్లది. అది వారి పాత శ్మశానవాటిక. సమాధులను కదిలించకూడదన్న అవగాహనతో వారు దానిని నగరానికి దీర్ఘకాలిక లీజుకు ఇచ్చారు. బానిసత్వాన్ని అందరికంటే ముందు వ్యతిరేకించిన క్రైస్తవ శాఖల్లో క్వేకర్లు ఒకరని ఇక్కడ గుర్తుంచుకోవాలి.

ఆ శ్మశానంలో నిద్రిస్తున్నవారిలో డాక్టర్ ఎలైషా కల్లెన్ డిక్ ఒకడు. 1799 డిసెంబరు 14న జార్జ్ వాషింగ్టన్ గొంతు వాచి ఊపిరాడక మరణించిన రోజు మంచం పక్కన ముగ్గురు వైద్యులున్నారు. వారిలో చిన్నవాడు డిక్. ఇంకా రక్తం తీయవద్దని, గొంతుకు కోత పెట్టి శ్వాసమార్గం తెరుద్దామని అన్నది ఆయనే. పెద్దవారు ఒప్పుకోలేదు. రెండు వందల ఏళ్ళ తరువాత అత్యవసర విభాగంలో పనిచేసేవారెవరైనా ఆ గదిలో సరైన మాట అన్నది ఎవరో తేలికగానే గుర్తిస్తారు. వయసు, హోదా కలిసి సరైన మాటను ఎలా అణచగలవో చెప్పడానికి మా రంగంలో ఇంతకంటే పేరున్న ఉదాహరణ దొరకదు. ఇది మన కథకు పక్కదారే. కానీ గ్రంథాలయం ఆ నేల మీదే లేచింది కనుక వదిలిపెట్టలేకపోయాను.

భవనానికి పెట్టిన పేరు కేట్ వాలర్ బారెట్‌ది. ఆమె కూడా వైద్యురాలే. 1857లో వర్జీనియాలో పుట్టి, మతాచార్యుని పెళ్ళాడి, పిల్లల తల్లి అయిన తరువాత జార్జియాలో వైద్యం చదివి 1892లో పట్టా పుచ్చుకుంది. పెళ్ళికాకుండా తల్లులై వీధిన పడ్డ యువతులకు ఆశ్రయమిచ్చే ఫ్లారెన్స్ క్రిటెన్‌టన్ ఆశ్రమాల ఉద్యమానికి ప్రాణం పోసింది. బిడ్డను తల్లినుంచి విడదీయకూడదని, ఆ స్త్రీని సమాజం తలుపు బయట నిలబెట్టకూడదని ఆమె వాదించింది. 1925లో మరణించింది. తలుపు తెరిపించడమే జీవితకార్యంగా పెట్టుకున్న మనిషి పేరిట కట్టిన తలుపు, ఆ ఊరి నల్లజాతి పౌరులకు తెరుచుకోలేదు. గ్రంథాలయ కరపత్రం దాత గురించి, తల్లి గురించి చెప్పి ఆగిపోతే ఈ వైరుద్ధ్యం ఎవరికీ తెలియదు. గ్రంథాలయం నడిచేది నగరపు నిధులతో. ఆ నిధుల్లో నల్లవారు కట్టిన పన్నులూ ఉన్నాయి.

శామ్యూల్ విల్బర్ట్ టక్కర్ ఇల్లు 916 క్వీన్ స్ట్రీట్. అంటే గ్రంథాలయానికి రెండు సందుల దూరం. 1913లో అలెగ్జాండ్రియాలోనే పుట్టాడు. ఊళ్ళో నల్లజాతి పిల్లలకు ఉన్నత పాఠశాల లేనందున నది దాటి వాషింగ్టన్ వెళ్ళి చదువుకున్నాడు. పద్నాలుగో ఏట ట్రామ్ బండిలో సీటు విషయంలో ఒక శ్వేతజాతి మహిళతో తగాదా వచ్చి సోదరులతో పాటు కోర్టుకెక్కాల్సి వచ్చింది. అప్పీలులో అంతా తెల్లవారే ఉన్న జ్యూరీ నిర్దోషులుగా వదిలిపెట్టింది. హోవార్డ్ విశ్వవిద్యాలయంలో డిగ్రీ పూర్తిచేశాడు గాని న్యాయకళాశాల గడప తొక్కలేదు. ఒక న్యాయవాది కార్యాలయంలో పనిచేస్తూ సొంతంగా చదివి ఇరవయ్యో ఏట బార్ పరీక్ష నెగ్గాడు. అప్పటికి వయసు చాలక, ప్రమాణ స్వీకారానికి 1934 దాకా ఆగాల్సి వచ్చింది. పుస్తకాలు చదివి లాయరైన మనిషి. ఇంటి పక్కన గ్రంథాలయం వెలిస్తే అందులోకి రావద్దన్నారు. ఆయన కోపానికి వేరే సిద్ధాంతమేదీ అవసరం లేదు.

కోపాన్ని ఆయన వాడిన తీరే గమనించదగ్గది. 1939 మార్చి 17న జార్జ్ విల్సన్ అనే రిటైర్డ్ సైనిక సార్జెంటుతో కలిసి గ్రంథాలయానికి వెళ్ళి సభ్యత్వ కార్డు కోసం దరఖాస్తు అడిగాడు. ఇవ్వలేదు. విల్సన్ పేరిట మాండమస్ రిట్ దాఖలు చేశాడు. దేశసేవ చేసిన సైనికుడు, పన్ను చెల్లించే పౌరుడు, ఊరి నివాసి: కక్షిదారుణ్ణి ఎంతో ఆలోచించే ఎన్నుకున్నాడు. ఆ వ్యాజ్యం నడుస్తూండగానే రెండో ప్రయత్నం సిద్ధం చేశాడు. కొందరు యువకులను కూర్చోబెట్టి వేసుకోవలసిన దుస్తులు, మాట్లాడవలసిన మాట, మాట్లాడకూడని మాట అన్నీ నేర్పాడు. గొంతు పెంచకూడదు. ఒకరితో ఒకరు మాట్లాడుకోకూడదు. పోలీసులకు ఏ నేరం రాయాలో తోచకూడదు.

1939 ఆగస్టు 21న విలియం ఎవాన్స్, ఒటో టక్కర్, ఎడ్వర్డ్ గాడిస్, మారిస్ మర్రీ, క్లారెన్స్ స్ట్రేంజ్ ఒకరి తరువాత ఒకరు లోపలికి వెళ్ళారు. అందరూ ఇరవై అటూ ఇటూ వయసువారు. ఒటో, శామ్యూల్ తమ్ముడు. ప్రతి ఒక్కరూ కార్డు అడిగారు, కాదనిపించుకున్నారు, అలమారులో నుంచి ఒక పుస్తకం తీసుకుని వేరువేరు బల్లల దగ్గర కూర్చుని చదవసాగారు. క్లారెన్స్ తమ్ముడు, పద్నాలుగేళ్ళ రాబర్ట్ స్ట్రేంజ్, లోపల జరుగుతున్నది ఎప్పటికప్పుడు టక్కర్ కార్యాలయానికి చేరవేశాడు. గ్రంథపాలకురాలు కేథరిన్ స్కాగిన్ నగర మేనేజరు దగ్గరికి పరుగెత్తింది. పోలీసులు వచ్చి, బయటికి నడవకపోతే అరెస్టు చేస్తామన్నారు. యువకులు లేవలేదు. వారిని తీసుకుని బయటికి వచ్చేసరికి వీధిలో వందలమంది జనం, టక్కర్ ముందే పిలిపించిన ఫోటోగ్రాఫర్లు. చక్కని దుస్తుల్లో, తలలెత్తి, పోలీసు పక్కన నడుస్తున్న ఆ ఐదుగురి ఛాయాచిత్రం నేటికీ మిగిలి ఉంది.

శాంతిభంగం అన్న నేరం మోపారు. న్యాయస్థానంలో టక్కర్ పోలీసులను ప్రశ్నించి రాబట్టిన జవాబులే ఆ నేరారోపణను నిలువునా చీల్చాయి. వాళ్ళు శుభ్రమైన బట్టల్లో ఉన్నారు. మర్యాదగా ఉన్నారు. చప్పుడు చేయలేదు. తెల్లవారై ఉంటే అరెస్టు చేసేవారు కాదు. ఇక శాంతిభంగం ఎక్కడ? న్యాయమూర్తి జేమ్స్ డంకన్ శిక్ష వేయలేదు, విడుదలా చేయలేదు. కేసును నిరవధికంగా వాయిదా వేశాడు. రోగనిర్ధారణ చేయడం ఇష్టంలేని వైద్యుడు ‘చూద్దాం, మళ్ళీ రండి’ అన్నట్టుంది ఈ తీర్పు కాని తీర్పు.

నగరం తరఫున వాదించిన ఆర్మిస్టెడ్ బూత్ గురించి ఒక మాట. ఇతణ్ణి ప్రతినాయకుణ్ణి చేసి చెప్పడం సులువు. కానీ 1950లో వర్జీనియా శాసనసభలో రవాణా వాహనాల్లో జాతివేర్పాటును రద్దు చేయాలని బిల్లు తెచ్చినవాడూ ఇతడే. బడుల విలీనాన్ని అడ్డుకునే వర్జీనియా ప్రభుత్వ విధానాన్ని తరువాతి కాలంలో ఎదిరించినవాడూ ఇతడే. మనుషులు మారతారని ఊరికే సమాధానపడటానికి ఈ సంగతి చెప్పడం లేదు. 1939లో ఐదుగురు పుస్తకం పట్టుకుని కూర్చోవడంలో తప్పేముందో చెప్పలేని స్థితికి అంత తెలివైన న్యాయవాదిని నెట్టడమే టక్కర్ పన్నిన వ్యూహంలోని పదును.

విల్సన్ రిట్ మీద 1940 జనవరిలో తీర్పు వచ్చింది. నిజానికి ఈ చరిత్ర మొత్తంలో నన్ను ఎక్కువసేపు నిలబెట్టే ఘట్టం అరెస్టు కాదు, ఇది. న్యాయమూర్తి పిటిషన్‌ను కొట్టివేశాడు. కారణం విల్సన్ సరైన పద్ధతిలో దరఖాస్తు చేయకపోవడం! దరఖాస్తు కాగితమే ఇవ్వనివాడు దరఖాస్తు నింపలేదంటే ఏమనాలి? అయితే అదే తీర్పులో, సక్రమంగా దరఖాస్తు చేసిన నిజమైన నివాసిని జాతి కారణంగా నిరాకరించడానికి చట్టంలో ఆధారం లేదన్న అర్థం వచ్చే మాట కూడా ఉంది. అంటే టక్కర్ ఓడిపోయాడు, గెలిచాడు. మరుసటిసారి కాగితం సరిగ్గా నింపితే తలుపు తెరవక తప్పదు.

గ్రంథాలయ చరిత్రకారులు సభ్యత్వ పత్రాన్ని ఎప్పుడూ పట్టించుకోరు. నా హైస్కూలు రోజుల్లో మా పట్టణపు శాఖా గ్రంథాలయంలో పుస్తకం ఇంటికి తెచ్చుకోవాలంటే డిపాజిట్టుతో పాటు గెజిటెడ్ అధికారి పూచీకత్తు కావాలి. మా వీధిలో గెజిటెడ్ అధికారులెవరూ లేరు. అక్కడే కూర్చుని దీపాలార్పేదాకా చదివేవాళ్ళం. అది కులం అడిగే కాగితం కాదు. కానీ ఎవరి వీధిలో గెజిటెడ్ అధికారి ఉంటాడన్నది కులానికి సంబంధించని విషయమూ కాదు. భవనానికి గోడలుంటాయని అందరికీ తెలుసు. కాగితానికీ గోడలుంటాయని తలుపు బయట నిలబడ్డవాడికి మాత్రమే తెలుస్తుంది.

నగరపాలకులు ఆ తీర్పులోని ప్రమాదాన్ని టక్కర్‌కంటే ఆలస్యంగా గ్రహించి ఉండరు. నల్లవారి కోసం విడిగా ఒక గ్రంథాలయం కట్టాలన్న నిర్ణయం వెంటనే ఊపందుకుంది. ఇందుకు న్యాయపరమైన నేపథ్యం ఉంది. 1896 నాటి ప్లెసీ తీర్పు ‘విడిగా, కానీ సమానంగా’ అంది. 1938 డిసెంబరులో గెయిన్స్ కేసులో సుప్రీంకోర్టు, సమానమైన వసతి కల్పించని రాష్ట్రం తన న్యాయకళాశాలలోనే నల్లజాతి విద్యార్థిని చేర్చుకోవాలని చెప్పింది. దక్షిణాది పాలకులకు ఇందులో వినబడింది ఒకటే: విడి భవనం లేకపోతే ఉన్న భవనం పోతుంది. కాబట్టి అలెగ్జాండ్రియాలో 1940 ఏప్రిల్‌లో తెరుచుకున్న రాబర్ట్ రాబిన్సన్ గ్రంథాలయం దానంగా వచ్చింది కాదు. క్వీన్ స్ట్రీట్ భవనాన్ని కాపాడుకోవడానికి కట్టిన ప్రహరీ అది. చిన్న భవనం, పాత పుస్తకాలు, వాడి వదిలేసిన సామాను, గ్రంథపాలకురాలికి తక్కువ జీతం.

ఈ ఒప్పందం కుదిరే వేళకు టక్కర్ జబ్బుపడి మంచాన ఉన్నాడు. కోలుకున్నాక ఆయనకు కొత్త గ్రంథాలయం కార్డు ఇవ్వజూపారు. దానిని తిరస్కరిస్తూ గ్రంథపాలకురాలికి రాసిన ఉత్తరంలో, తాను దరఖాస్తు చేసింది క్వీన్ స్ట్రీట్ గ్రంథాలయానికని, దానికి బదులుగా మరో చోటి కార్డును ఎన్నటికీ స్వీకరించనని స్పష్టం చేశాడు. దరఖాస్తు సరిగ్గా నింపిన మనిషి రాసిన ఉత్తరం అది.

ఇప్పుడు చరిత్రను చెప్పే తీరు దగ్గరికి వద్దాం. ఈ సంఘటనకు నేడు ‘అమెరికాలో తొలి బైఠాయింపుల్లో ఒకటి’ అన్న గౌరవం దక్కుతోంది. 1960 ఫిబ్రవరిలో గ్రీన్స్‌బరో భోజనశాలలో విద్యార్థులు కూర్చోవడానికి రెండు దశాబ్దాల ముందే ఇది జరిగిందని గుర్తుచేస్తారు. గుర్తుచేయడం మంచిదే. యుద్ధవార్తల్లో కొట్టుకుపోయిన సంఘటన ఇది. ఆగస్టు 21 తరువాత పదకొండు రోజులకే హిట్లర్ సేనలు పోలండ్‌లోకి ప్రవేశించాయి. కానీ ఆ బిరుదు వల్ల ఒక నష్టం కూడా ఉంది. గ్రీన్స్‌బరోలో జరిగినది రోజురోజుకూ పెరిగిన ప్రజాసమీకరణ. జనం సంఖ్యే దాని బలం. టక్కర్ చేసినది కోర్టు కోసం తయారుచేసిన ప్రయోగం. మిగతా అంశాలన్నీ స్థిరంగా ఉంచి, ఒక్క చర్మం రంగును మాత్రమే మార్చి, ఫలితం ఏమొస్తుందో పోలీసు నోటే చెప్పించాడు. పరిశోధనలో నియంత్రిత ప్రయోగం చేసినవారికి ఈ పద్ధతి కొత్తగా అనిపించదు. 1960ల కళ్ళద్దాలు పెట్టుకుని 1939ని చూస్తే ధైర్యం కనబడుతుంది, ఆ ధైర్యం వెనుక ఉన్న తర్కం మసకబారుతుంది.

రెండో పొరపాటు, రాబిన్సన్ గ్రంథాలయాన్ని ఆ పోరాట ఫలితంగా చెప్పడం. కాలక్రమాన్ని బట్టి అది నిజమే. ఉద్దేశాన్ని బట్టి అది పోరాటానికి విరుగుడు. అయితే ఇక్కడ టక్కర్ పక్షం పూర్తిగా వహించి మాట్లాడటం కూడా నాకు సాధ్యం కావడం లేదు. సిద్ధాంతరీత్యా ఆయన తిరస్కారమే సరైనది. కానీ 1940లో ఆ వీధిలో ఉన్న పదేళ్ళ పిల్లకు సిద్ధాంతం కంటే ముందు కథల పుస్తకం కావాలి. వాడేసిన పుస్తకాలతోనే ఆ చిన్న గది ఇరవై ఏళ్ళ పాటు ఒక తరాన్ని చదివించింది. ఆ భవనానికి పేరిచ్చిన రాబర్ట్ రాబిన్సన్ పంతొమ్మిదో శతాబ్దపు నల్లజాతి మతాచార్యుడు. మౌంట్ వెర్నన్‌లో వాషింగ్టన్ ఇంట బానిసగా ఉన్న కరొలైన్ బ్రానమ్‌కు మనుమడు. గ్రంథాలయాన్ని నగరం ప్రహరీగా కట్టింది, అక్కడి జనం దానిని ఇల్లు చేసుకున్నారు. ఈ రెండు వాక్యాల్లో ఏదో ఒకటి మాత్రమే చెప్పే చరిత్ర అసంపూర్ణం.

ప్రహరీ కట్టలేనప్పుడు ఏం జరుగుతుందో అదే రాష్ట్రంలోని డాన్‌విల్ అనే చిన్న నగరం చూపించింది. అక్కడి ప్రధాన గ్రంథాలయం ఉన్నది సదర్లిన్ భవంతిలో; అంతర్యుద్ధం చివరి రోజుల్లో దక్షిణాది కూటమి అధ్యక్షుడు జెఫర్సన్ డేవిస్ విడిది చేసిన ఇల్లది. 1960లో నల్లజాతి విద్యార్థులు ప్రవేశం కోరారు, కోర్టు వారి పక్షాన ఉత్తర్వు ఇచ్చింది, నగరం గ్రంథాలయాన్నే మూసేసింది. మూసే ఉంచాలా అని ఓటు పెడితే 2,829 మంది అవునన్నారు, 1,598 మంది కాదన్నారు. అదే ఏడాది సెప్టెంబరులో తిరిగి తెరిచినప్పుడు బల్లలు, కుర్చీలు తీసేశారు. ఎవరి రంగు వారిదైనా నిలబడే పుస్తకం తీసుకోవాలి, ఎవరూ ఎవరి పక్కనా కూర్చోకూడదు. కార్డుకు రెండున్నర డాలర్ల రుసుము, సత్ప్రవర్తనకు హామీదారుల పేర్లు. అలెగ్జాండ్రియాలో టక్కర్ పంపిన ఐదుగురు చేసిన ‘నేరం’ కూర్చోవడం కనుక, డాన్‌విల్ పెద్దలు ఇరవై ఒక్క ఏళ్ళ తరువాత కూర్చోవడాన్నే రద్దు చేశారు. విలీనం కంటే తమ పిల్లలకు కూడా పుస్తకాలు లేకపోవడమే మేలని 2,829 మంది ఓటు వేసి చెప్పిన ఆ సంఖ్యను నేను చాలాసార్లు చూశాను. ద్వేషం తన ఒంటికి తానే చేసుకునే గాయానికి ఇంత కచ్చితమైన కొలత అరుదు.

అదే కాలంలో మనవైపు ఏం జరుగుతోంది? 1914 ఏప్రిల్‌లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధులు సమావేశమయ్యారు. అయ్యంకి వెంకటరమణయ్య ఆ ఉద్యమానికి జీవితాన్నే ఇచ్చాడు. వేటపాలెం సారస్వత నికేతనానికి 1929లో గాంధీ శంకుస్థాపన చేశాడు. 1935లో పాతూరి నాగభూషణం కాలువల్లో పడవ గ్రంథాలయం నడిపాడు. ఇవన్నీ మనకు గర్వకారణాలే, వాటిని తగ్గించి మాట్లాడే అర్హత నాకు లేదు. కానీ ఆ చరిత్రలను చదివేటప్పుడు శామ్యూల్ టక్కర్ వేసిన ప్రశ్ననే మనమూ వేయాలి: ఆ గది అరుగు మీద కూర్చున్నదెవరు, అరుగు కింద నిలబడ్డదెవరు, పడవ ఆగిన రేవుకు రాగలిగిందెవరు? స్థాపకుల జీవితచరిత్రలు అచ్చయినంతగా పాఠకుల జ్ఞాపకాలు అచ్చు కాలేదు. 1931లో ‘పంచసూత్రాలు’ రాసిన రంగనాథన్ ప్రతి పాఠకునికీ అతని పుస్తకం దక్కాలన్నప్పుడు, ఆ ‘ప్రతి’ అన్న చిన్నమాట మన దేశంలో ఎంత బరువైనదో ఆయనకు తెలియకపోలేదు. ఊరి గ్రంథాలయ శతజయంతికి ఇక్కడినుంచి విరాళాలు పంపే మిత్రులు, సంచికలో దాతల ఫోటోలతో పాటు డెబ్బై ఎనభై ఏళ్ళ పాఠకుల ముఖాముఖీలు కూడా వేయమని షరతు పెడితే బాగుంటుంది. ఆ తరం ఎక్కువకాలం వేచి ఉండదు.

టక్కర్ ఆ తరువాత రెండో ప్రపంచయుద్ధంలో ఇటలీలో సైన్యాధికారిగా పనిచేసి, తిరిగివచ్చి దక్షిణ వర్జీనియాలోని ఎంపోరియాలో ప్రాక్టీసు పెట్టాడు. 1968లో సుప్రీంకోర్టులో గ్రీన్ కేసు గెలిచి, బడుల విలీనాన్ని కాగితానికి పరిమితం చేస్తున్న రాష్ట్రాల ఆట కట్టించాడు. 1990లో మరణించాడు. అలెగ్జాండ్రియాలో ఒక ప్రాథమిక పాఠశాలకు ఆయన పేరు పెట్టారు. క్వీన్ స్ట్రీట్ తలుపులు 1960ల తొలినాళ్ళకు అందరికీ తెరుచుకున్నాయి. రాబిన్సన్ భవనం ఇప్పుడు నగరపు నల్లజాతి చరిత్ర మ్యూజియంలో భాగం. 1940 నాటి ఆ గదిలో నిలబడి చూస్తే ఎంత చిన్నదో తెలుస్తుంది.

2019లో, సంఘటనకు ఎనభై ఏళ్ళు నిండిన సందర్భంలో గ్రంథాలయ సిబ్బంది పాత రికార్డులు వెతుకుతూ, ఐదుగురి మీద పెట్టిన కేసు ఎన్నడూ తేలలేదని గుర్తించారు. నగర ప్రాసిక్యూటర్ కోరిక మీద ఆ అక్టోబరులో న్యాయస్థానం అభియోగాలను కొట్టివేసింది. వారు శాంతియుతంగా తమ హక్కును వినియోగించుకున్నారని పేర్కొంది. డంకన్ వేసిన వాయిదా అలా ముగిసింది. ఆ ఉత్తర్వు పరిధి ఆ ఐదుగురి వరకే. సార్జెంట్ విల్సన్ దరఖాస్తు సరిగ్గా నింపలేదన్న 1940 నాటి తీర్పు దాని జోలికి రాదు.